అమ్మకము పెరిగిన అంగడి – వాటా కొనువాని లెక్క

వానలు తప్పినను, కూలి తగ్గినను, వ్యాధి ప్రబలి ఊళ్లు మూతపడినను, కొన్ని అంగళ్లలో అమ్మకము తగ్గకపోగా పెరుగుచుండుట లోకమున చూచుచున్నాము. “దేశమున వ్యాపారము మందగించియున్నను ఫలానా కంపెనీ అమ్మకములు నూటికి ఇన్ని వంతులు హెచ్చినవి” అని పత్రికలో అచ్చుపడగానే, నాలుగు డబ్బులు దాచుకొన్నవారు ఆ కంపెనీ వాటాలను గూర్చి తర్కించుకొన మొదలిడుదురు. ఇది పట్టణములకే చెల్లిన ముచ్చట కాదు. చేతిఫోను వచ్చిన పిదప కారేపల్లి స్టేషనులో బండి కొఱకు వేచియున్నవారి నోటను ఈ మాటలు వినబడుచున్నవి. మా పై తరగతులవారికి లాభనష్టములు, వడ్డీ, శాతములు లెక్కల పుస్తకములో నేర్పుదుము. ఆ లెక్కలనే ఒక నిజమైన కంపెనీ మీద వేసి చూపుట ఈ వ్యాసమున మా యుద్దేశము. దీనిని తల్లిదండ్రులును చదువవలెనని మా కోరిక. ఏలయన ఈ లెక్క తప్పినచో పోవునది తఱచుగా పిల్లల చదువు సొమ్మే.

ఇంటి ఖర్చులలో వాయిదా వేయదగినవి కొన్ని, వేయరానివి కొన్ని కలవు. బియ్యము, పప్పు, నూనె, సబ్బు – వీనిని ఈ నెల మానివేసి వచ్చు నెలలో రెండింతలు కొందుమనువారు లేరు. పట్టుచీర, క్రొత్త మంచము, గోడగడియారము – వీనిని ఒక యేడు ఆపవచ్చును. రాబడి తగ్గినప్పుడు గృహిణి మొదట ఈ రెండవ జాతి ఖర్చును కోసివేయును. పిమ్మట మొదటి జాతి సరకు ఎక్కడ చౌకగా దొరకునో వెదకును. మునుపు రెండు రూపాయలు ఎక్కువైనను వీధిచివరి అంగడిలో కొన్న యామెయే, ఇప్పుడు సంచి చేతబట్టి దూరపు చౌక దుకాణమునకు పోవును. కష్టకాలమున చౌక అంగడికి గిరాకి పెరుగుటకు కారణమిదియే. కావున అమ్మకము పెరిగినదన్న వార్త జనుల కలిమికి గుర్తు కానక్కఱలేదు. ఒక్కొక్కప్పుడది జనుల యిబ్బందికే గుర్తు.

మనము పరిశీలింపబోవు కంపెనీ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. ఈ పేరు విననివారికిని డీమార్ట్ అను దుకాణపు పేరు తెలిసియే యుండును. హైదరాబాదు, విజయవాడ మొదలగు మన పట్టణములలో దాని దుకాణములు కలవు. వాటాల విపణిలో పేరు పొందిన రాధాకిషన్ దమానీ అను వర్తకుడు దీనిని స్థాపించెను. మొదటి దుకాణము 2002లో బొంబాయి నగరములోని పవయీ పేటలో తెఱవబడెను. ఆ దుకాణములలో అలంకారము తక్కువ. ఒక్కొక్క వస్తువులో వేగముగా అమ్ముడుపోవు రకములే ఉంచుదురు. కంపెనీ తన దుకాణములలో అధికభాగమును అద్దెకు గాక సొంత కట్టడములలోనో, దీర్ఘకాలపు కౌలు మీదనో నడుపును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. సరకు సరఫరా చేయువారికి ఇతర వర్తకులు నెలల తరబడి బాకీ నిలుపుచుండగా, ఈ కంపెనీ కొలది దినములలోనే సొమ్ము చెల్లించును. మన సంతలో రొక్కము చూపి బేరమాడువానికి ఒక ధర, వచ్చు వారము ఇచ్చెదననువానికి మఱియొక ధర చెప్పుట మీరెఱిగినదే గదా. అదే సూత్రము. త్వరగా చెల్లించుటచే సరకు చౌకగా దొరకును. చౌకగా దొరకుటచే చౌకగా అమ్మును. చౌకగా అమ్ముటచే సరకు త్వరగా తిరిగి రొక్కమగును. ఆ రొక్కముతో మరల త్వరగా చెల్లించును. ఇందులో మాయ యేమియు లేదు.

అయితే ఇట్టి వ్యాపారమున నూటికి మిగులునది ఎంత? 2024-25వ సంవత్సరమున ఈ కంపెనీ మొత్తము రాబడి సుమారు 59,358 కోట్ల రూపాయలు. అన్ని ఖర్చులును పన్నులును పోగా మిగిలిన లాభము సుమారు 2,707 కోట్లు. భాగించి చూచిన యెడల, నూఱు రూపాయల సరకు అమ్మగా కంపెనీకి దక్కినది నాలుగున్నర రూపాయలు. అంత పెద్ద కంపెనీకి ఇంత స్వల్పమా యని విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. చిల్లర వర్తకము స్వభావమే అంత. లాభపు పొర పలుచన గనుక, అమ్మకము కొంచెము తగ్గినను, ఖర్చు కొంచెము పెరిగినను లాభము మీద దెబ్బ పెద్దదిగా పడును. అదే 2024-25లో అమ్మకము నూటికి 17 వంతులు పెరుగగా లాభము 7 వంతులకు లోపుగానే పెరిగెను. ఆ సంవత్సరపు చివరి మూడు నెలలలో అమ్మకము 17 వంతులు పెరిగియు లాభము అంతకు ముందటేటికంటె తగ్గెను. అమ్మకమును చూచి లాభమును ఊహించువాడు ఇచ్చట మోసపోవును.

ఇక కష్టకాలపు పరీక్ష. 2020 మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణముగా దేశమంతయు మూతపడెను. 2020-21లో దేశపు ఆదాయము తగ్గెను. 1979-80 తరువాత అట్లు తగ్గుట అదియే మొదటిసారి. చౌక అంగడికి కష్టకాలమున గిరాకి పెరుగునని పైన చెప్పితిమి. కాని అంగడికి చేరుకొను దారియే మూసినప్పుడు ఆ సూత్రము పనిచేయదు. ఆ యేడు ఈ కంపెనీ దుకాణములు 214 నుండి 234కు పెరిగినను, రాబడి 24,870 కోట్ల నుండి 24,143 కోట్లకు దిగెను. బట్టలు, గిన్నెలు మున్నగు సామానులలో లాభము ఎక్కువ. జనులు వానిని కొనుట తగ్గించి ఆహారపదార్థములకే పరిమితమగుటచే, అమ్మకము కంటె లాభము మఱింతగా తగ్గెను.

మఱుసటి యేడు దారులు తెఱచుకొనెను. 2021 జూలై మొదలు సెప్టెంబరు వఱకు గల మూడు నెలల లెక్క అక్టోబరు నడుమ వెలువడెను. అమ్మకము నిరుటి అవే నెలలకంటె నూటికి 46 వంతులకు పైగా పెరిగినది! ఎంతటి వార్త! అక్టోబరు 18వ తేదీన విపణిలో ఆ కంపెనీ వాటా వెల 5,900 రూపాయలను తాకెను. విద్యార్థులారా, ఇచ్చట నిలిచి ఒక ప్రశ్న వేయుడు: ఈ 46 వంతులు దేనితో పోల్చిన లెక్క? నిరుటి అవే నెలలతో. నిరుడు అవే నెలలలో ఏమి జరిగినది? సగము మూతపడిన కాలము. జ్వరపడి లేచిన పిల్లవాడు నెలలో మూడు శేర్ల బరువు పెరిగినాడని చెప్పినచో, జ్వరమునకు ముందెంత ఉండెనో అడుగుదుము గదా.

వాటా యనగా నేమో ఎఱుగని చిన్న తరగతులవారి కొఱకు రెండు మాటలు చెప్పెదము. ఒక వ్యాపారమును కోట్లకొలది సమభాగములుగా చేసి, ఒక్కొక్క భాగమును ఒక పత్రముగా అమ్ముదురు; ఇప్పుడు పత్రము కూడ లేదు, లెక్కలో వ్రాసికొందురు. ఆ భాగమే వాటా, లేక షేరు. దానిని కొన్నవాడు వ్యాపారమున అంతమేరకు యజమాని. లాభము వచ్చిన అతని వంతు అతనిది, నష్టము వచ్చినను అట్లే. తన వాటాను వేఱొకనికి అమ్ముకొనవచ్చును. ఆ వెలను నిర్ణయించునది కంపెనీ కాదు, కొనువాని యాశయు అమ్మువాని భయమును. ఆ వెల వ్యాపారపు విలువకు సరిగా నుండవలెనని నియమము లేదు.

మన ప్రాంతమునకు ఈ సంగతి క్రొత్తది కాదు. డోర్నకల్లు నుండి కారేపల్లి మీదుగా ఇల్లందునకు ఇనుపదారి వేయుటకు కారణము అచ్చటి బొగ్గు. 1871లో డాక్టరు కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ బొగ్గును గుర్తించెను. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యను పేరుతో లండనులో ఒక కంపెనీ ఏర్పడి నిజాము రాజ్యమున గనుల హక్కును పొందెను. హక్కును సంపాదించిన కొందఱు రొక్కము చెల్లింపకయే వాటాలలో చాల భాగమును తమ పేర వ్రాయించుకొని, వెల పెంచి అమ్మిరి. పది పౌనుల వాటాలను పండ్రెండేసి పౌనులకు నిజాము ప్రభుత్వము చేతనే కొనిపించిరి! ఈ వ్యవహారము ఇంగ్లాండు పార్లమెంటు వఱకు పోయి, 1888లో కామన్సు సభవారు విచారణ సంఘమును నియమించిరి. గమనింపవలసిన దేమనగా, నేలలోని బొగ్గు అబద్ధము కాదు. ఆ గనులు పనిచేసెను. 1920లో ఆ వ్యాపారము మన మండలములోని సింగరేణి గ్రామపు పేరనే సింగరేణి కాలరీస్ కంపెనీ యయ్యెను. నేటికిని వేలాది కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. సరకు మంచిదే, వాటా కొన్న వెల మాత్రము మంచిది కాదు. ఈ రెండును వేఱువేఱు సంగతులని మన నేలయే నూటముప్పదియేండ్లకు మునుపు చెప్పియున్నది.

ఇప్పుడు 5,900 రూపాయల వాటాకు తిరిగి వత్తము. 2021-22లో కంపెనీ లాభము సుమారు 1,492 కోట్లు. వాటాలు సుమారు 64 కోట్ల 80 లక్షలు. ఒక్కొక్క వాటా వంతునకు వచ్చిన లాభము 23 రూపాయలు. 5,900ను 23తో భాగింపుడు: 256 వచ్చును. అనగా లాభము పెరుగక అట్లే నిలిచినచో, పెట్టిన సొమ్మును కంపెనీ సంపాదించుటకు 256 ఏండ్లు పట్టును. లాభము పెరుగును గదా యందురు, నిజమే, పెరిగినది. 2021-22లో 30,976 కోట్లుగా నున్న రాబడి 2024-25 నాటికి దాదాపు రెండింతలయ్యెను. లాభమును పెరిగి, వాటాకు 41 రూపాయలు దాటెను. అయినను 2025 మార్చి చివర వాటా వెల సుమారు 4,000 రూపాయలు మాత్రమే. వ్యాపారము రెండింతలై వాటా వెల మూడవవంతు తఱిగిపోయినది! కంపెనీ చెడిపోయినందున కాదు. 2021లో కొన్నవారు రాబోవు అనేక సంవత్సరముల వృద్ధికి ముందుగానే వెల చెల్లించియుండిరి. ఇదే వాటాను 2017 మార్చిలో కంపెనీ తానుగా 299 రూపాయలకు జనులకు అమ్మెను. అప్పుడు కొన్నవాడును 2021లో కొన్నవాడును ఒక్క కంపెనీకే యజమానులు. వారి కథలు మాత్రము వేఱు.

2024 అక్టోబరులో మఱియొక వింత జరిగెను. జూలై-సెప్టెంబరు మాసములలో అమ్మకము నూటికి 14 వంతులు పెరిగినదని కంపెనీ ప్రకటించెను. ఆ తరువాత విపణి తెఱచిన దినముననే వాటా వెల నూటికి 8 వంతులకు పైగా పడిపోయెను. పెరిగిన వార్తకు పడుట యేమి? పాత దుకాణములను మాత్రమే లెక్కించి చూడగా పెరుగుదల అయిదున్నర వంతులే. ఫోనులో కోరిన కొన్ని నిమిషములలోనే సరకును ఇంటికి చేర్చు కొత్త కంపెనీలు మహానగరములలో గిరాకిని పంచుకొనుచున్నవని యాజమాన్యమే ఒప్పుకొనెను. విపణి పెరుగుదలకు కాదు, తాను ఊహించిన పెరుగుదల రాకపోవుటకు దండన విధించును.

ఈ పాత దుకాణముల లెక్క ముఖ్యమైనది గనుక, బోధనార్థము ఇద్దఱు పెద్దమనుష్యులను కల్పించి వారిచేత మాటలాడింతము. ఒకరు ఇల్లందు గనిలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. రెండవవారు మన వీధిలో కిరాణా అంగడి నడుపువారు.

“తమ్ముడా, గని నుండి వచ్చిన సొమ్ము బ్యాంకులో ఊరక పడియున్నది. ఈ కంపెనీ రాబడి 2018-19లో 20,005 కోట్లు. అయిదేండ్లకు, 2023-24లో, 50,789 కోట్లు. రెండున్నరింతలు! నడుమ అంత గొప్ప రోగము వచ్చినను! ఇంతకంటె ఏమి కావలెను?”

“ఎన్ని అంగళ్లతో, అన్నా?”

“అప్పుడు 176, ఇప్పుడు 365. ఆ లెక్కయు చూచితిని. ఒక్కొక్క అంగడికి అప్పుడు 114 కోట్లు వచ్చినచో ఇప్పుడు 139 కోట్లు వచ్చుచున్నవి. అంగళ్లు పెరిగినవి, అంగడికి అమ్మకమును పెరిగినది.”

“అంగడి పొడవు వెడల్పు మాట?”

“అదేమి ప్రశ్న?”

“నా అంగడికి ప్రక్క గది కలుపుకొన్నచో అమ్మకము పెరుగదా? క్రొత్తగా కట్టునవి పాతవానికంటె పెద్ద దుకాణములు. చదరపు అడుగునకు లెక్క కట్టి చూడుము, కంపెనీవారే వ్రాసినారు. 2018-19లో అడుగునకు సుమారు 35,600 రూపాయల సరకు అమ్మిరి. 2023-24లో సుమారు 32,900. ఈ అయిదేండ్లలో నూనె, పప్పు ధరలెంత పెరిగినవో నన్నడుగుము, చెప్పెదను. ధరలు పెరిగియు అడుగునకు అమ్మకము తగ్గినదన్నమాట.”

“అయినచో చెడ్డ కంపెనీయా?”

“నేనట్లనలేదు. ఆ శ్రద్ధ నాకున్నచో నేనీ ఊరిలోనే ఉందునా? 2024-25లో పాత దుకాణములలో నూటికి 8 వంతులకు పైగా పెరిగినది, మొత్తము మీద 17. అనగా పెరుగుదలలో సగము పాతవానిది, సగము క్రొత్తగా తెఱచినవానిది. అది మంచి లెక్కయే. నా మాట యొక్కటే: రెండున్నరింతలు అనునది నీవు అనుకొన్న రెండున్నరింతలు కాదు.”

“మఱి కొనవలెనా, మానవలెనా?”

“ముందు నేనడిగినదానికి చెప్పుము. ఆ సొమ్ములో చిన్నదాని నర్సింగు చదువునకు కట్టవలసినదెంత? ఎప్పుడు?”

“రెండు లక్షల చిల్లర. వచ్చు శ్రావణమునకు.”

“ఆ రెండు లక్షలను వాటాల జోలికి పోనీయకుము. 2021లో 5,900కు కొన్నవాడు నాలుగేండ్లు వేచియు అసలు రాబట్టుకొనలేదు. ఆ కళాశాలవారు నాలుగేండ్లు ఆగుదురా?”

ఈ సంభాషణలో మా పక్షము వర్తకునిదే. ఒక్క మాట మాత్రము కలుపవలెను. క్రొత్త దుకాణములు తెఱచుట స్వయముగా దోషము కాదు. ఏ సొమ్ముతో తెఱచుచున్నారన్నది ప్రశ్న. డీమార్ట్ వారు ఇంతవఱకు చాలవఱకు తమ లాభములతోను, వాటాదారుల మూలధనముతోను విస్తరించిరి. చెన్నపట్నమున 1997లో ప్రారంభమైన సుభిక్ష అను కంపెనీ అట్లు కాక అప్పు తెచ్చి వేగముగా విస్తరించి, 2008 నాటికి దేశమంతట సుమారు 1,600 దుకాణములను నడిపెను. మన తెలుగు పట్టణములలోను వాని పలకలు వెలసినవి. అమ్మకములు ఏటేట ఇంతింతలుగా పెరిగెను. ఆ 2008లోనే ప్రపంచమున అప్పు పుట్టుట కష్టమయ్యెను. 2009 మొదట సరకు కొనుటకును, జీతములిచ్చుటకును రొక్కము లేక దుకాణములన్నియు మూతపడెను. పెద్ద పెద్ద ధనవంతులును అందు సొమ్ము పెట్టియుండిరి. కేవలము అమ్మకపు అంకెను చూచినవానికి చివరి యేడు వఱకును అది విజయమువలెనే కనబడినది.

వాయిదా వేయదగిన సరకు అమ్మువారి సంగతి వేఱుగా నుండును. హైదరాబాదునకు చెందిన సాయి సిల్క్స్, అనగా కళామందిర్ దుకాణములవారు, 2023 సెప్టెంబరున వాటాను 222 రూపాయలకు జనులకు అమ్మిరి. ఆ 2023-24లో వారి అమ్మకము సుమారు 1,351 కోట్ల నుండి 1,374 కోట్లకు మాత్రమే పెరిగెను. మఱుసటి సంవత్సరపు మొదటి మూడు నెలలలో తగ్గెను. కారణములలో ఒకటి విన్న మీకు నవ్వు వచ్చును: 2024 ఏప్రిల్ చివర నుండి జూలై మొదటి వఱకు మూఢము. ముహూర్తములు లేవు, పెండ్లిండ్లు లేవు, పట్టుచీరలు కొనువారు లేరు. బొంబాయి విపణిలో వాటా కొనువాడు మన పంచాంగమును చూడవలసి వచ్చినది! ఆ యేడు వాటా వెల 222కు దిగువకు పోయెను. ఆగిన పెండ్లి తరువాత జరుగును, చీర తరువాత అమ్ముడగును. కనుక ఇట్టి తగ్గుదలను చూచి కంపెనీ చెడినదనుటయు తొందరపాటే.

విదేశపు ఉదాహరణము ఒక్కటి చాలును. 2008లో అమెరికాలో వాటాల వెలలు కుప్పకూలెను. డౌజోన్స్ సూచికలోని ముప్పది కంపెనీలలో ఆ యేడు వెల పెరిగినవి రెండే: చౌక దుకాణముల వాల్‌మార్ట్, చౌక భోజనముల మెక్‌డొనాల్డ్స్. కష్టకాలమున చౌక అంగడి నిలుచునన్న మాటకు ఇంతకంటె సాక్ష్యము లేదు. కాని 2009లో మిగిలిన విపణి కోలుకొని సూచిక నూటికి 18 వంతులకు పైగా లేవగా, వాల్‌మార్ట్ వాటా కొంచెము తగ్గెను. అందఱును భయపడి ఒకే గొడుగు క్రింద చేరినప్పుడు ఆ గొడుగుకు వెల హెచ్చును. వాన వెలిసిన పిదప ఆ వెల నిలువదు.

వాటాల మాట విడిచి, అంగడి ముందు నిలుచున్నవారి మాట కొంచెము చెప్పవలసియున్నది. పెద్ద దుకాణమున అమ్మకము పెరిగినప్పుడు ఆ గిరాకి ఎచ్చటనుండియో వచ్చినది. కొంత మన వీధి అంగడి నుండి వచ్చినది. వీధి అంగడివాడు రెండు రూపాయలు ఎక్కువ తీసికొనును, నిజమే. కాని పత్తి అమ్ముడగు వఱకు ఖాతాలో వ్రాసికొని సరకిచ్చువాడును అతడే. పెద్ద దుకాణమున ఖాతా లేదు. ఆ రెండు రూపాయలలో కొంత అరువునకు వడ్డీ యని మా అభిప్రాయము. భద్రాచలము వైపు అడవిపల్లెలలో మూడవ తరహా అంగడి కలదు. 1956లో విశాఖపట్నము కేంద్రముగా నెలకొన్న గిరిజన సహకార సంస్థ, చింతపండు, తేనె, జిగురు మొదలగు అటవీ ఫలసాయమును గిరిజనుల యొద్ద కొనుచు, నిత్యావసర వస్తువులను డిపోలలో వారికి అమ్ముచు వచ్చినది. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణ భాగమునకు వేఱు సంస్థ ఏర్పడెను. అట్టి డిపోలో అమ్మకము పెరిగినదన్నచో ఏ విపణిలోను ఏ వాటా వెలయు లేవదు. ఆ పల్లెలో బియ్యమును, ఉప్పును కొన్నారన్నంతే.

ఇంకొక హెచ్చరిక తల్లిదండ్రులకు. వాటా కొని యేండ్లపాటు ఉంచుకొనుట వేఱు; ఫ్యూచర్లు, ఆప్షన్లు అను పేర రేపటి వెల మీద పందెము వేయుట వేఱు. ఫోనులో ఈ రెండును ఒకే పలక మీద ప్రక్కప్రక్కన కనబడును. వాటాల విపణిని పర్యవేక్షించు సెబీ సంస్థ 2024 సెప్టెంబరున ప్రకటించిన పరిశీలన ప్రకారము, అంతకు ముందటి మూడేండ్లలో ఈ పందెములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. సగటున తలకు రెండు లక్షలు. పైన గనిపెద్ద తన కుమార్తె చదువునకు ఉంచుకొన్న మొత్తమును అంతియే.

పదవ తరగతి విద్యార్థులకు అభ్యాసము: 2024-25లో ఈ కంపెనీ లాభము 2,707 కోట్లు, వాటాలు సుమారు 65 కోట్లు. ఒక వాటా వంతు లాభమెంత? 4,000 రూపాయల వెలకు కొన్నచో, లాభము పెరుగనియెడల సొమ్ము ఎన్ని యేండ్లకు తిరిగి వచ్చును? లాభము ఏటేట నూటికి 7 వంతులు పెరిగినచో ఎన్ని యేండ్లు? నూటికి 15 వంతులు పెరిగినచో? మూడు జవాబులను ప్రక్కప్రక్కన వ్రాసి ఇంటిలో పెద్దలకు చూపి రావలెను. రెండవ లెక్కకును మూడవ లెక్కకును చక్రవడ్డీ సూత్రము కావలెను. అది మీ పుస్తకములోనే కలదు.